టోర్బెల్ ఊరి ఎండుగడ్డి లెక్క

స్విట్జర్లాండుకు దక్షిణాన వాలిస్ అనే రాష్ట్రం ఉంది. ఫ్రెంచి మాట్లాడేవారు దాన్నే వాలే అంటారు. అక్కడి ఫిస్ప్ పట్టణం నుంచి జెర్మాట్‌కు కొండ లోయలో సాగే చిన్న రైలుమార్గం 1891లో పూర్తయింది. మాటర్‌హార్న్ శిఖరాన్ని చూడబోయేవారు ఆ రైల్లో చివరిదాకా కిటికీలకు అతుక్కుని కూర్చుంటారు. కిందటి సెప్టెంబరులో ఒక ఉదయం మా నాన్నగారూ నేనూ మాత్రం రెండు ఫిస్పా ఏర్లు కలిసేచోట, ష్టాల్డెన్ స్టేషనులో దిగిపోయాము. అక్కడి నుంచి పసుపుపచ్చ పోస్టు బస్సు మలుపు మీద మలుపు తిరుగుతూ కొండ ఎక్కి, సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తున వాలుకు అంటించినట్టున్న టోర్బెల్ అనే ఊళ్లో దింపింది. ఊళ్లో ఇప్పుడుండేది సుమారు 500 మంది. కొండవాలు ఎంత నిటారుగా ఉందంటే, ఒక ఇంటి పెరట్లో నిలబడి చేయి చాపితే కింది ఇంటి కప్పు అందుతుందేమో అనిపిస్తుంది.

నాన్నగారు వరంగల్ దగ్గర ఒక చెరువు కింద నలభై ఏళ్లు వరి పండించిన రైతు. బాసెల్‌లో నేనుండే అపార్ట్‌మెంట్‌లో వారానికే ఆయనకు విసుగు పుట్టింది. మంచుకొండలు చూపిస్తానంటే "రాళ్ళు ఏం జూస్తం బిడ్డా, ఊరు ఏదన్న ఉంటె జూపియ్యి" అన్నారు. అందుకే జెర్మాట్‌ను వదిలేసి, నేను ఏళ్ల తరబడి చదువుతూ వచ్చిన ఈ ఊరికి తీసుకువచ్చాను. ఈ ఊళ్లో కోటలు లేవు, యుద్ధాలు జరగలేదు, పేరుమోసిన రాజులెవరూ పుట్టలేదు. అయినా ఎనిమిది వందల ఏళ్ల కిందటి భూమి లావాదేవీల నుంచి ఈ ఊరి కాగితాలు నిలిచి ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే పాతది 1224 నాటిది. గ్రామ చరిత్ర అంటే రాజుల వంశావళి కాదని నమ్మేవారికి ఇంతకంటే మంచి ఊరు దొరకడం కష్టం.

బస్సు దిగిన చోటు నుంచి కొంచెం పైకి నడిస్తే పాత కట్టడాలు వస్తాయి. లార్చి చెట్టు దుంగలను మూలల దగ్గర ఒకదానిలో ఒకటి ఇరికించి కట్టిన గోడలు, రెండు మూడు వందల ఏళ్ల ఎండకు మాడి, బెల్లం పాకం రంగుకు తిరిగి ఉంటాయి. ఒక కట్టడం ముందు నాన్నగారు ఆగిపోయారు. అది నేల మీద ఆనలేదు. మోకాలెత్తు కొయ్య గుంజల మీద నిలిచి ఉంది. ప్రతి గుంజకూ గోడకూ నడుమ తిరగలి రాయంత వెడల్పున, పలుచగా, గుండ్రంగా చెక్కిన పలకరాయి ఒకటి ఉంది. ఆయన వంగి ఆ రాయి అంచు కింద వేలు పెట్టి తడిమి చూసి, "గాదె ఇది. ఎలుక గుంజ ఎక్కుతది గని, ఈ రాయి కిందికెల్లి తలకిందులుగ పాకలేదు" అన్నారు. నేను చదివి తెలుసుకున్న విషయాన్ని ఆయన చూపుతోనే పట్టుకున్నందుకు నాకు కొంచెం ఈర్ష్య కలిగిందని ఒప్పుకుంటాను. ఆ గాదెల్లో దాచేది రై ధాన్యం. గోధుమ సరిగా పండని ఈ వాలుల్లో రై ఒక్కటే నమ్మకమైన పంట. ఊరి పొయ్యిలో ఏడాదికి కొద్దిసార్లు మాత్రమే రొట్టెలు కాల్చి, నెలల తరబడి దాచుకుని, రాయిలా గట్టిపడ్డాక నరుక్కుని తినేవారు.

అయితే ఈ ఊరి ప్రాణం ధాన్యంలో కంటే ఎండుగడ్డిలోనే ఎక్కువగా ఉండేది. మనం ఆల్ప్స్ అంటే పర్వతాలు అనుకుంటాము. ఇక్కడివారికి ఆల్ప్ అంటే కొండ కాదు, అడవి హద్దు దగ్గరా దానికి పైనా వేసవిలో పశువులు మేసే బీడు. టోర్బెల్‌కు పైన, 2,000 మీటర్లకు మించిన ఎత్తున మోసాల్ప్ అనే బీడు ఉంది. అక్కడ మంచు కరిగి గడ్డి మొలిచి, మళ్లీ మంచు కప్పేలోగా దొరికేది మూడు నెలల మేత. ఆ మూడు నెలలూ ఆవులు పైన ఉంటే, కింద ఊరి చుట్టూ ఉన్న సొంత పచ్చికమళ్లలో గడ్డి కోసి ఎండబెట్టుకోవచ్చు. చలికాలమంతా ఆవు కొట్టంలో నిలబడి తినేది ఆ ఎండుగడ్డినే. కనుక ఏ కుటుంబానికైనా వేసవి ఒక సమస్య కాదు. ఎన్ని ఆవులనైనా పైకి తోలవచ్చు. చలికాలమే సమస్య.

ఆ సమస్యలోంచే 1517 నాటి కట్టుబాటు పుట్టింది. చలికాలంలో ఎన్ని ఆవులను తన సొంత గడ్డితో మేపగలడో, అన్నిటినే ఎవరైనా వేసవిలో ఉమ్మడి బీడుకు తోలాలి. అంతకు మించి తోలితే జరిమానా. చదవడానికి ఒక్క వాక్యం. దానిలో ఎంత తెలివి ఉందో కాస్త నిలిచి ఆలోచిస్తే తెలుస్తుంది. బీడు ఎన్ని ఆవులను మోయగలదో కొలవడం కష్టం; ఒక్కో ఏడాది గడ్డి ఒక్కో తీరుగా ఉంటుంది. ఒక రైతు కొట్టంలో ఎంత గడ్డి పట్టిందో మాత్రం పక్కింటివాడికి కూడా తెలుసు. డబ్బున్నవాడు వసంతంలో ఇరవై ఆవులు కొని, ఊరి గడ్డి మీద బలిపించి, శరత్తులో సంతలో అమ్ముకునే దారిని ఆ ఒక్క వాక్యం మూసివేసింది. కొలవలేని దాన్ని కొలవబోయి తగువులాడుకునే బదులు, కంటికి కనిపించే దాన్ని కొలబద్దగా పెట్టుకున్నారు.

అంతకు ముప్పై నాలుగేళ్ల ముందే, 1483 ఫిబ్రవరి 1న, ఊరివారు ఒక పత్రం రాసుకుని, బీడునూ అడవినీ బంజరునూ ఉమ్మడిగా ఏలుకునేందుకు సంఘంగా ఏర్పడ్డారు. ఆ పత్రం నాకు ఎప్పుడూ కొంచెం ఇబ్బంది కలిగిస్తుంది. బయటివాడు ఎవడైనా టోర్బెల్‌లో భూమి కొన్నా, బీడు మీద గాని, అడవిలో చెట్టు నరకడానికి గాని అతడికి హక్కు రాదని దానిలో స్పష్టంగా రాసి ఉంది. పొలం వేరు, పొత్తు వేరు. కొత్తవాణ్ని పొత్తులో చేర్చుకోవాలా వద్దా అన్నది పాతవారి ఇష్టం. గిరి గీసుకోకపోతే ఉమ్మడి ఆస్తి నిలవదన్నది నిజమే కావచ్చు. కాని అదే గిరి అవతల నిలబడి, పర్మిట్ కాగితాలు పట్టుకుని తిరిగే నాలాంటివారికి ఆ వాక్యం మరో తీరుగా వినిపిస్తుంది.

కట్టుబాటు రాసుకోవడం తేలిక, నడపడమే కష్టం. టోర్బెల్ నడిపిన తీరు చూస్తే, అక్కడివారు మనుషుల మంచితనం మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదని తెలుస్తుంది. పశువులు పైకి చేరగానే అక్కడికక్కడే లెక్కపెట్టేవారు. గెవాల్ట్‌హాబర్ అనే ఊరి అధికారికి జరిమానా వేసే అధికారముండేది. వేసిన దానిలో సగం ఆయనకే. సగం తనకే వస్తుందంటే ఎవడు చూసీచూడనట్టు పోతాడు? బీడులో మేసిన ఆవుల పాలన్నీ కలిపి జున్నుముద్దలు చేసి, వేసవి చివర ఎవరి ఆవులు ఎన్ని ఉన్నాయో ఆ లెక్క ప్రకారం పంచేవారు. బీడు మీది దారులు బాగుచేయడం, మంచు దొర్లించి తెచ్చిన రాళ్లు ఏరడం, పేడ చల్లడం వంటి పనులకు కూడా ఆవుకు ఇన్ని రోజులని వంతు ఉండేది. ఎక్కువ ఆవులున్నవాడు ఎక్కువ రోజులు చెమటోడ్చాలి. అడవి విషయంలోనైతే, నరకదగిన చెట్లకు ఊరి అధికారులు గుర్తులు వేసి, వాటిని సమానమైన వాటాలుగా విడగొట్టి, చీట్లు వేసేవారు. ఏ కుటుంబాల జట్టుకు ఏ వాటా వస్తే అదే. వాటాలు వేసేవాడికి తనకేది వస్తుందో తెలియదు కనుక, సమానంగా వేయక తప్పదు.

నీటి సంగతికి వచ్చేసరికి నాన్నగారు పూర్తిగా తన లోకంలో పడ్డారు. చుట్టూ మంచుకొండలున్నా ఈ లోయ స్విట్జర్లాండులో అన్నిటికంటే పొడి ప్రాంతాల్లో ఒకటి. రెండు వైపుల పర్వతాలూ మేఘాలను అడ్డుకోవడంతో, ఏడాది వాన 600 మిల్లీమీటర్లకు అటూఇటూ, అంటే మన అనంతపురం లెక్కలో ఉంటుంది. పచ్చికమళ్లకు నీరు పెట్టకపోతే రెండో కోత రాదు. అందుకని పైవాగుల నుంచి కొండ పక్కగా, కొన్నిచోట్ల బండను తొలిచి, కొన్నిచోట్ల దూలాలను దొన్నెల్లా మలిచి వేలాడదీసి కాలువలు తెచ్చారు. వాటిని సువోనెన్ అంటారు. ఎవరి వంతు ఎప్పుడో, ఎంతసేపో వాలిస్ ఊళ్లలో కొయ్య పుల్లల మీద గాట్లు పెట్టి గుర్తుంచుకునేవారు. ప్రతి కుటుంబానికీ తన గుర్తు ఉండేది. రాతగాడు అక్కరలేని దస్తావేజు అది. యూరప్‌లోని ఇలాంటి సంప్రదాయ నీటిపారుదల పద్ధతులను 2023లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఊరి పక్క మడిలో ఒక పిల్లకాలువ పారుతుంటే నాన్నగారు ఒడ్డున గొంతుక్కూర్చుని, మడి తలకట్టున పలకరాయి అడ్డం పెట్టి నీళ్లు మళ్లించిన తీరు చూసి, "ఇన్నేండ్లు వంతులు తప్పలేదంటె, ఈడ గూడ ఒక నీరటి ఉండి ఉంటడు" అన్నారు. మా చెరువు తూము దగ్గర నిలబడే నీరటి కుటుంబానికి ఊరు కళ్లం దగ్గర గింజలు కొలిచిన రోజులు ఆయనకు బాగా గుర్తు. మా చెరువుకు నీరటి లేకుండాపోయి ముప్పై ఏళ్లు దాటింది. బోర్లు వచ్చాక ఎవరి నీళ్లు వారివే అయ్యాయి.

ఇక్కడ ఒక సందేహం రావాలి. బీడు, అడవి, కాలువ ఉమ్మడివైతే, పచ్చికమళ్లూ రై చేలూ ద్రాక్షతోటలూ సొంతానివి ఎందుకయ్యాయి? ఊరంతా కలిసి మెలిసి ఉండాలన్న ఆదర్శమే అయితే అన్నీ కలపవచ్చు కదా? ఈ ప్రశ్నను పట్టుకుని ఊళ్లో మకాం వేసిన మనిషి రాబర్ట్ నెట్టింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త. అంతకు ముందు ఆయన నైజీరియాలోని కోఫ్యార్ రైతుల మధ్య పనిచేశాడు. 1970ల మొదట్లో టోర్బెల్ చేరి, చర్చిలోని జనన మరణ వివాహ పట్టికలను తిరగేసి, మూడు వందల ఏళ్ల కుటుంబ వృక్షాలను అల్లి, 1981లో ఈ ఊరి మీద ఒక పుస్తకం వెలువరించాడు. ఆయన చెప్పిన జవాబు నేల మీద నిలబడేది. ఎరువు వేసి, నీరు పెట్టి, ఒళ్లు వంచితే దిగుబడి పెరిగే నేల సొంతానిదైంది. ఎంత చాకిరీ చేసినా పెద్దగా పెరగనిది, ఎకరాకు పలికేది తక్కువైనది, ఏ మూల ఏ ఏడు గడ్డి మొలుస్తుందో చెప్పలేనిది, కంచె వేసి కాపలా కాయాలంటే వచ్చేదానికంటే ఖర్చే ఎక్కువయ్యేది ఉమ్మడిదైంది. ఐదు వందల ఏళ్లు ఈ రెండూ పక్కపక్కనే నిలిచాయి. సొంత ఆస్తి తెలియక ఉమ్మడిలో ఉన్నవారు కారు వీరు. రెండూ తెలిసి, దేనికేది తగునో ఏరుకున్నవారు.

సొంత ఆస్తిని ఎంత చిన్న ముక్కలుగా కోశారో చూస్తే నవ్వు వస్తుంది. తల్లిదండ్రుల ఆస్తి కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా పంచాలి. వాటాలు వేసి చీట్లు తీసేవారు. పొలాలే కాదు, ఇళ్లు కూడా అంతే. ఒకే దుంగల ఇంట్లో కింది అంతస్తు ఒకరిది, పై అంతస్తు ఇంకొకరిది. కొట్టంలో సగం, గాదెలో నాలుగో వంతు వంటి వాటాలు మామూలు. కూతుళ్లకు సమాన వాటా అన్న మాట దగ్గర నాన్నగారు నా వైపు చూసి ఊరుకున్నారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ మాటను చట్టంలో రాసుకున్నది 1980ల నడుమ, దేశమంతటా 2005లో. కాని టోర్బెల్‌ను మరీ ఎత్తుకోవలసిన పని లేదు. నేలలో సగం ఇచ్చిన ఈ వాలిస్ రాష్ట్రమే ఆడవారికి ఓటు ఇచ్చింది 1970లో. స్విట్జర్లాండు మొత్తానికి 1971లో. మోసాల్ప్ మీదుగా అవతలి వైపు దిగితే కొంత దూరంలో ఉంటెర్‌బెఖ్ అనే ఊరు ఉంది. 1957 మార్చి 3న, పై అధికారులు వద్దంటున్నా, ఆ ఊరి పాలకవర్గం ఆడవారి కోసం వేరే పెట్టె ఒకటి పెట్టింది. 33 మంది వచ్చి ఓటు వేశారు. ఆ ఓట్లు లెక్కలోకి రాలేదు గాని, స్విస్ ఆడవారు వేసిన మొదటి ఓట్లుగా చెప్పుకునేవి అవే.

అన్ని ముక్కలు చేసినా ఊరు ఎందుకు చితికిపోలేదన్న దానికి నెట్టింగ్ పట్టికల్లో దొరికే జవాబు అంత హాయిగా ఉండదు. ఇక్కడివారు ఆలస్యంగా పెళ్లి చేసుకునేవారు. చాలామంది అసలు చేసుకునేవారే కారు. పిల్లలకు పంచడానికి నేల చాలనప్పుడు అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో కొందరు పెళ్లి లేకుండా అదే ఇంట్లో ఉండిపోయి, పోయాక తమ వాటాను మేనల్లుళ్లకూ మేనకోడళ్లకూ వదిలేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివర బంగాళాదుంప వచ్చి, అదే నేలలో ఎక్కువ నోళ్లకు తిండి దొరికాక గాని జనాభా పెరగలేదు. చలికాలపు గడ్డి లెక్క ఆవులతో ఆగలేదు. ఎవరికి పెళ్లి, ఎవరికి కాదన్నది కూడా ఆ లెక్కే తేల్చింది. పొందికగా బతికిన ఊరంటూ టోర్బెల్‌ను మెచ్చుకునేవారు ఈ పేజీని తొందరగా తిప్పేస్తారు.

మెచ్చుకునేవారిలో అందరికంటే పేరుపడింది ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ పండితురాలు. ఉమ్మడి బీడు ఎప్పటికైనా నాశనమే, ప్రతివాడూ ఇంకొక ఆవును తోలుతూనే పోతాడు అని గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త 1968లో రాసిన వ్యాసం ప్రపంచమంతటా పాఠమైపోయింది. ఆస్ట్రమ్ 1990లో రాసిన పుస్తకంలో, జపాన్ కొండ ఊళ్లు, స్పెయిన్ కాలువలు, ఫిలిప్పీన్స్ నీటి సంఘాల సరసన టోర్బెల్‌ను నిలబెట్టి, జరిగింది అది కాదని చూపించింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆమె. మన తెలుగు నేల కూడా ఈ చర్చలో మొదటి నుంచీ ఉందని మనవారికి అంతగా తెలియదు. కర్నూలు జిల్లా పల్లెల్లో రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు చేసిన పరిశీలన 1988లో పుస్తకమైంది. కాలువ చివరన ఉండి నీటికి కటకటపడే ఊళ్లే తమంతట తాము చందా వేసుకుని, నీళ్లు కట్టేవారినీ పంట కావలివారినీ పెట్టుకున్నాయని, కాలువ తలాపున నీరు పుష్కలంగా ఉన్న ఊళ్లకు ఆ అవసరం పడలేదని ఆయన గమనించాడు. టోర్బెల్‌కూ ఆ కర్నూలు పల్లెలకూ ఉన్న పోలిక నాకు అక్కడే కనిపిస్తుంది. ఎవరో వచ్చి ఐకమత్యం బోధించలేదు. చాలకపోవడమే వారిని ఒకచోట కూర్చోబెట్టింది.

ఆ చాలకపోవడం ఇరవయ్యో శతాబ్దంలో మెల్లగా తీరింది. కింద ఫిస్ప్‌లో లోంజా రసాయన కర్మాగారం వచ్చింది. కరోనా కాలంలో మొడెర్నా టీకాకు మూలపదార్థం అక్కడ కూడా తయారైంది. కొండ మీదికి రోడ్డు, బస్సు వచ్చాక ఊరి మగవారు షిఫ్టుకు దిగి, తిరిగి వచ్చి ఆవులకు గడ్డి వేసేవారు. నెట్టింగ్ ఊళ్లో ఉన్నప్పుడు నడుస్తున్నది ఆ రెండు బతుకుల కాలమే. తరువాతి తరం ఫ్యాక్టరీని ఉంచుకుని ఆవులను వదిలేసింది. రై చేలు పచ్చికమళ్లయ్యాయి, కొన్ని మళ్లు పొదలయ్యాయి, గాదెల్లో కొన్నింటికి అద్దాల కిటికీలు పెట్టి సెలవుల ఇళ్లుగా మార్చుకున్నారు.

మేము తిరిగి బస్సు దగ్గరికి దిగుతుంటే దారి పక్కన ఒక కొట్టం తలుపు తీసి ఉంది. పాతకాలంలో గడ్డిని ఊళ్లోకి మోసుకురాలేక, మళ్ల దగ్గరే చిన్న చిన్న కొట్టాలు కట్టి, చలికాలంలో ఆవునే ఒక కొట్టం నుంచి ఇంకొక కొట్టానికి తోలుకుపోయి అక్కడి గడ్డి అక్కడే మేపేవారు. ఇది అలాంటిదే. కింద రెండు పశువులు నిలబడేంత చోటు, పైన అటకంతా ఆ ఏటి ఎండుగడ్డి. తలుపు దగ్గర నీలం పనిదుస్తుల్లో ఒక పెద్దాయన చెక్కపార తుడుచుకుంటున్నారు. "గ్ర్యూఎత్సి" అన్నాను, ఆయన తమ యాసలో ఏదో అన్నారు, సగమే అర్థమైంది. నాన్నగారు లోపలికి తొంగి చూసి, ఒక పోచ తీసి వాసన చూసి, వేళ్ల మధ్య నలిపి, అటక పొడుగూ ఎత్తూ కళ్లతో కొలిచారు. తరువాత పెద్దాయన వైపు తిరిగి రెండు వేళ్లు చూపించారు. ఆయన ఒక్క క్షణం ఆగి, పైకి చూసి, తల ఊపి, రెండు వేళ్లు చూపించి, మూడో వేలు సగం లేపి, చేయి అటూ ఇటూ ఆడించారు.

"మూడోదానికి మార్చి దాక వస్తది, అంతే" అన్నారు నాన్నగారు నాతో.